పెళ్లి వీడియోలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ చెరపాలి: క్లోన్ బ్రష్ ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదిలేయాలి

ప్రశ్న: అన్నా, ముహూర్తం షాట్ ఒకటి ఉంది. 11 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు. గింబల్ మీద ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతుంది. పెళ్లికూతురి భుజం వెనకాల తెల్ల గుడ్డ బ్యాక్‌డ్రాప్ మీద డెకరేషన్ వాళ్లు తగిలించిన నల్లటి ఎక్స్‌టెన్షన్ బాక్సు, పైనుంచి దానికి దిగిన వైరు పడ్డాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో క్లోన్ స్టాంప్ బ్రష్‌తో పక్క గుడ్డను తెచ్చి పూసి ఒక ఫ్రేములో శుభ్రంగా చెరిపాను (ఆ ఫ్రేమూ, అసలు క్లిప్పూ జతచేశాను). ప్లే చేస్తే కెమెరా కదులుతోంది, నేను పూసిన ప్యాచ్ మాత్రం తెర మీద ఉన్నచోటే ఉండిపోయింది. తర్వాత 275 ఫ్రేములూ ఒక్కొక్కటిగా చెరిపాను, రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు ఆ చోటంతా కుతకుత ఉడుకుతున్నట్టు కనిపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాను? ఇంకో క్లిప్‌లో పెళ్లికొడుకు చెంప మీద మొటిమ కూడా తీయమన్నారు, దానికీ ఇదే పద్ధతా?

సమాధానం:

మీరు జతచేసిన ఫ్రేము పెద్దది చేసి, క్లిప్ కూడా నడిపి చూశాను బ్రదర్. గుడ్డ మడతలు చక్కగా కలిపారు, బంతిపూల దండ అంచు కూడా ఎక్కడా తెగలేదు. కాబట్టి చేతిపని గురించి టెన్షన్ పడకండి. రెండు రాత్రులు పోయింది మీరు పట్టిన దారి వల్ల. నేను కూడా పెళ్లి వీడియోలతోనే మొదలుపెట్టాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో తొమ్మిదేళ్లు పెయింట్ ఆర్టిస్టుగా చేశాను. ఫైట్ సీన్లలో నడుముకు కట్టిన రోపులు, ఫ్రేములోకి దిగిన మైకులు, పాతకాలం కథల్లో వెనకాల కనిపించే సెల్ టవర్లు తీసేయడమే రోజూ పని. అక్కడ చేరిన మొదటి వారంలోనే మా సీనియర్ ఒకాయన నేర్పిన విషయం మీకు చెబుతాను. వీడియోలో క్లోన్ బ్రష్ వేయాల్సింది ఒక్క ఫ్రేము మీదే. దాన్ని మిగతా 274 ఫ్రేములకు మోసుకెళ్లే పని ట్రాకింగ్‌ది, అంటే ఏ ఫ్రేములో ఏది ఎటు కదిలిందో సాఫ్ట్‌వేర్ చేత పట్టించే పద్ధతిది.

ముందు మీకు జరిగిన రెండూ ఎందుకు జరిగాయో చూద్దాం, కారణం తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది.

పెయింట్ ప్యానెల్‌లో డ్యూరేషన్ అని ఒక గడి ఉంటుంది. అందులో మామూలుగా ఉండేది కాన్‌స్టంట్. అంటే మీరు గీత గీసిన ఫ్రేము నుంచి లేయర్ చివరిదాకా ఆ గీత ఉంటుంది. ఎక్కడ ఉంటుంది? మీరు గీసిన చోటే, అదే పిక్సెళ్ల మీద. సాఫ్ట్‌వేర్‌కు గుడ్డ తెలియదు, బాక్సు తెలియదు. పై నుంచి ఇన్ని పిక్సెళ్లు, ఎడమ నుంచి ఇన్ని పిక్సెళ్లు అన్న లెక్క ఒక్కటే తెలుసు. కెమెరా కుడికి జరిగితే బాక్సు ఎడమకు జరిగిపోతుంది, మీ ప్యాచ్ పాత లెక్క పట్టుకుని అక్కడే నిలబడుతుంది. స్టాండు మీద కదలకుండా పెట్టిన కెమెరా అయితే మీరు మొదట చేసిందే సరిపోయేది. చాలామంది నేర్చుకునేది అలాంటి షాట్ మీదే కాబట్టి ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతారు.

ఇక ఉడకడం. మీరు ఒక ఫ్రేములో బాక్సుకు 40 పిక్సెళ్లు పైనుంచి గుడ్డ తీసుకున్నారనుకోండి. తర్వాతి ఫ్రేములో చెయ్యి కాస్త జరిగి 43 పిక్సెళ్ల పైనుంచి తీసుకున్నారు. ఆ తర్వాత 38. ఏ ఫ్రేము ఆపి చూసినా తప్పు కనిపించదు, ప్రతిదీ బాగుంటుంది. వరసగా నడిపితే గుడ్డ మీది నేత, మడత నీడ సెకనుకు 25 సార్లు అటూ ఇటూ జరుగుతుంటాయి. మన కన్ను రంగులో చిన్న తేడాను క్షమిస్తుంది, కదలకూడనిది కదిలితే మాత్రం అస్సలు వదలదు. ఫోటోలో క్లోన్ బ్రష్‌తో మంచి పేరు తెచ్చుకున్నవాళ్లు వీడియోలో ఇబ్బందిపడేది ఇక్కడే. ఫోటోషాప్‌లో ఈ పనిముట్టు 1990లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది, అందరికీ చేయి తిరిగిపోయింది. ఆ అలవాటునే 275 ఫ్రేముల మీద పెడితే ఇలాగే అవుతుంది.

సరే, ఇప్పుడు మీ షాట్.

బ్రష్ ముట్టుకునే ముందు షాట్‌ను ఒక పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపి చూడండి. నిజంగా పదిసార్లు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. చూడాల్సింది చెరపాల్సిన వస్తువును కాదు, దాని వెనకాల ఏముందో, అది షాట్‌లో ఇంకెక్కడైనా కనిపిస్తోందా అన్నది. మీ బాక్సు గుడ్డకు అంటుకుని ఉంది. అందుకని కెమెరా ఎంత కదిలినా దాని వెనక భాగం ఎప్పటికీ బయటపడదు. పక్క గుడ్డతోనే నింపాలి. అదే బాక్సు బదులు ఒక లైట్ స్టాండో, పెడెస్టల్ ఫ్యానో గుడ్డకు నాలుగు అడుగుల ముందు నిలబడి ఉంటే కథ వేరు. కెమెరా జరిగేకొద్దీ స్టాండు, గుడ్డ వేర్వేరు వేగాల్లో జరుగుతాయి. మూడో సెకనులో స్టాండు వెనక దాక్కున్న పువ్వు ఏడో సెకనులో బయటికి వస్తుంది. అప్పుడు పక్క గుడ్డతో నింపే కర్మ మనకెందుకు? ఏడో సెకనులోని అసలు పువ్వునే తెచ్చి మూడో సెకనులో పెట్టొచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ క్లోన్ బ్రష్‌లో సోర్స్ టైమ్ షిఫ్ట్ అని ఉన్నది ఇందుకే. అక్కడ 100 అని ఇస్తే 100 ఫ్రేముల తర్వాత ఉన్న బొమ్మలోంచి తీసుకుంటుంది. లాక్ సోర్స్ టైమ్ పెడితే ఎప్పుడు గీసినా ఒకే ఫ్రేములోంచి తీసుకుంటుంది. ఫోటోకు లేని వరం వీడియోకు ఉన్నది ఇదొక్కటే, దీన్ని వాడేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

అన్నట్టు, మీ దగ్గర రా ఫుటేజ్ మొత్తం ఉందిగా. పెళ్లికూతురు రాకముందు ఖాళీ మండపం తీసి ఉంటే అదీ చూడండి. ఆ బాక్సు తగిలించక ముందు తీసినది అయితే, అదే యాంగిల్ కాకపోయినా గుడ్డ, దండలు దొరుకుతాయి. ఇక మీదట మీ కెమెరా అబ్బాయికి చెప్పండి, లైటింగ్ సెట్ అయ్యాక ఖాళీ మండపం ఒక పది సెకన్లు తీసిపెట్టమని. స్టూడియోల్లో దీన్ని క్లీన్ ప్లేట్ అంటాం. ఆ పది సెకన్లు ఉంటే ఒక పూట పని మిగులుతుంది.

ఇంకొకటి కూడా ఇక్కడే చూసుకోవాలి. 4కే ఫుటేజ్‌ను ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్ మీద వేస్తున్నట్టయితే మీ దగ్గర పొడవులోనూ వెడల్పులోనూ రెట్టింపు బొమ్మ ఉంది. వస్తువు అంచున ఉంటే కాస్త క్రాప్ చేస్తే పోతుంది, ఏ బ్రష్షూ అక్కర్లేదు. మీ బాక్సు భుజం పక్కనే ఉంది కాబట్టి ఇక్కడ అది కుదరదు.

ఇప్పుడు ఫ్రేము ఎంచుకోవాలి. బాక్సు పూర్తిగా కనిపించాలి, ముందు ఎవరి చెయ్యీ అడ్డం రాకూడదు, కదలిక వల్ల బొమ్మ చెదిరి ఉండకూడదు, ఫ్లాష్ పడి ఉండకూడదు. అలాంటి ఫ్రేము మీద ఆగి, కాంపోజిషన్ మెనూలో సేవ్ ఫ్రేమ్ యాజ్ ద్వారా దాన్ని స్టిల్‌గా బయటికి తీయండి. కాంపోజిషన్ సైజు, క్లిప్ సైజు ఒకటే ఉండేలా చూసుకోండి, లేకపోతే తర్వాత అతకదు. ఆ ఫ్రేము నంబరు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత చాలా అవసరం పడుతుంది.

ఈ స్టిల్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే శుభ్రం చేయొచ్చు, ఫోటోషాప్‌లో చేయొచ్చు, అది లేకపోతే ఉచితంగా దొరికే గింప్‌లో కూడా చేయొచ్చు. ఫోటోషాప్‌లో అయితే 2002లో వచ్చిన హీలింగ్ బ్రష్ కూడా చేతిలో ఉంటుంది. అది పక్కనుంచి తెచ్చిన నేతను ఇక్కడి వెలుతురుకు సర్దుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే చేస్తానంటే రెండు జాగ్రత్తలు. క్లోన్ స్టాంప్ కాంపోజిషన్ ప్యానెల్‌లో పనిచేయదు, లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి లేయర్ ప్యానెల్ తెరవాలి. కాన్‌స్టంట్‌లో గీస్తే గీత ఆ క్షణం నుంచే మొదలవుతుంది కాబట్టి లేయర్ మొదటి ఫ్రేముకు వెళ్లి గీయండి. ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే సోర్సు, అంటే బొమ్మ తీసుకునే చోటు, పడుతుంది. కంట్రోల్ పట్టుకుని లాగితే బ్రష్ సైజు మారుతుంది.

తెల్ల గుడ్డ చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ నన్నడిగితే ఇటుక గోడ కన్నా అదే కష్టం. ఎందుకంటే దాని మీద వెలుతురు ఒక్కచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. మీ ఫ్రేములో కుడి పక్కన ఫోకస్ లైటు ఉంది, అక్కడ గుడ్డ పాలలా ఉంది. బాక్సు ఉన్నచోటికి వచ్చేసరికి కాస్త పసుపు తిరిగింది. మీరు కుడి పక్క నుంచి తెచ్చి వేస్తే అదొక తెల్లటి మచ్చ అవుతుంది. మడతలు నిలువుగా ఉన్నాయి కాబట్టి సోర్సు కూడా నిలువుగానే తీసుకోండి, బాక్సుకు సరిగ్గా పైనుంచి, లేదా సరిగ్గా కింద నుంచి. మడత గీత మీద బ్రష్ పెట్టి, అదే మడత గీత మీద ఆల్ట్ క్లిక్ చేసి, ముందు ఆ గీతను పై నుంచి కిందికి కలపండి. ముగ్గు వేసేవాళ్లు ముందు చుక్కలు పెట్టుకున్నట్టు ముందు మడతలు కలుపుకుంటే, మధ్యలో మిగిలిన తెలుపు నింపడం అయిదు నిమిషాల పని. పొడవైన గీతలు వద్దు. నాలుగైదు పొట్టి గీతలు, మళ్లీ సోర్సు మార్చడం, మళ్లీ నాలుగైదు. ప్రతి గీతకీ సోర్సు ఒకే దూరంలో ఉండాలంటే అలైన్డ్ అన్న గడిలో టిక్ ఉంచండి.

దండ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మీ క్లిప్‌లో బాక్సు పైఅంచు బంతిపూల దండను తాకుతోంది. అక్కడ రెండు పువ్వులు కొత్తగా పెట్టాలి. దండలో పక్కనున్న పువ్వునే తెచ్చి పెడితే, ఒక పక్క రేకులు నలిగిన ఆ పువ్వు పక్కపక్కనే రెండుసార్లు కనిపిస్తుంది. చూసేవాళ్లు ఎందుకో చెప్పలేరు గానీ అక్కడేదో తేడా ఉందని పట్టేస్తారు. దూరంగా ఉన్న వేరే దండ నుంచి రెండు వేర్వేరు పువ్వులు తెచ్చుకోండి, వెలుతురు సరిపోతే చాలు.

వైరుకు మాత్రం ఇంత శ్రమ అక్కర్లేదు. ఎఫెక్ట్స్‌లో సీసీ సింపుల్ వైర్ రిమూవల్ అని ఒకటి ఉంది. వైరు మొదట ఒక చుక్క, చివర ఒక చుక్క పెట్టి మందం ఇస్తే ఆ గీతను పక్క పిక్సెళ్లతో కప్పేస్తుంది. సాదా గుడ్డ మీద నిటారుగా వేలాడే వైరుకు ఇది బాగా పనికొస్తుంది. కాకపోతే మీరు ఎలాగూ స్టిల్ శుభ్రం చేస్తున్నారు కాబట్టి వైరును కూడా అందులోనే చెరిపేయడం మేలు, రెండింటికీ ఒకే ట్రాక్ సరిపోతుంది.

శుభ్రం చేసిన స్టిల్‌ను అసలు క్లిప్ మీద పెట్టండి. బాక్సు, వైరు ఉన్న చోటు చుట్టూ మాస్క్ (ఆ భాగం మాత్రమే కనిపించేలా పెట్టే హద్దు) గీసి, అంచులు మెత్తగా కలిసిపోయేలా 15-20 పిక్సెళ్ల ఫెదర్ ఇవ్వండి. ప్యాచ్ ఎంత చిన్నదైతే అంత మంచిది. చాలామంది సగం గోడను మాస్క్ చేస్తారు, తర్వాత పెళ్లికూతురి జడ చుట్టూ రోటో (ఫ్రేము ఫ్రేముకూ అంచు గీసి మనిషిని వేరుచేయడం) చేసుకుంటూ కూర్చుంటారు.

ట్రాకింగ్‌కు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోపాటే వచ్చే మోకా అనే ట్రాకింగ్ పనిముట్టు వాడండి. అసలు క్లిప్‌కు మోకా ఎఫెక్ట్ వేసి, లోపల బాక్సు చుట్టూ ఉన్న గుడ్డను పెద్దగా ఎంచుకుని ట్రాక్ చేయండి. బాక్సు ఒక్కదాన్నే పట్టుకోవద్దు, మోకాకు ఆకృతులు ఎక్కువ దొరికితేనే గట్టిగా పట్టుకుంటుంది. దండలు, మడతలు అన్నీ ఉండనివ్వండి. నాలుగో సెకను నుంచి పెళ్లికూతురి భుజం, మధ్యలో పంతులుగారి చెయ్యి అడ్డం వస్తాయి కదా, వాటి చుట్టూ ఇంకో ఆకారం గీసి దాన్ని లేయర్ల జాబితాలో పైన పెడితే, మోకా ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇది చేయకపోతే ట్రాక్ ఆమె భుజంతోపాటు కదిలిపోతుంది.

ఇక్కడే అందరూ ఆగిపోయే మెట్టు ఒకటి ఉంది, నిదానంగా చదవండి. కాగితం మీద రాసుకున్న ఆ ఫ్రేము నంబరుకు వెళ్లండి. ఆ ఫ్రేము మీద నిలబడి అలైన్ సర్ఫేస్ అన్న బటన్ నొక్కండి. మోకా సర్ఫేస్ (ట్రాక్‌తోపాటు కదిలే చట్రం) నాలుగు మూలలూ సరిగ్గా బొమ్మ నాలుగు మూలలకు వెళ్లి కూర్చుంటాయి. దీనర్థం, ఆ ఒక్క ఫ్రేములో మీ స్టిల్ ఇసుమంత కూడా కదలదు, మిగతా ఫ్రేముల్లో గుడ్డ ఎటు కదిలితే అటు కదులుతుంది. ఇంకో ఫ్రేము మీద ఉండి నొక్కితే ప్యాచ్ మొత్తం పక్కకు జరిగిపోతుంది, ఎందుకు జరిగిందో తెలియక జుట్టు పీక్కుంటాం. తర్వాత బయటికి వచ్చి, ట్రాక్ డేటా తయారుచేసి, కార్నర్ పిన్‌గా (బొమ్మను నాలుగు మూలలు పట్టి కదిలించే ఎఫెక్ట్) మీ స్టిల్ లేయర్‌కు పంపండి. మాస్క్ ముందు, ఎఫెక్ట్ తర్వాత అన్న వరస ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఎలాగూ ఉంది కాబట్టి మాస్క్ కూడా ప్యాచ్‌తోపాటే కదులుతుంది.

ప్లే చేసి చూడండి. 275 ఫ్రేములకు ఒకటే బొమ్మ, ఉడకడానికి అందులో ఏమీ లేదు.

భుజం, చెయ్యి ప్యాచ్ కిందకు వెళ్లిపోతాయి కదా, అసలు క్లిప్‌ను ఇంకో కాపీ తీసి పైన పెట్టి, ఆ భాగం వరకు రోటో బ్రష్‌తో ముందుకు తెచ్చుకోండి. మొత్తం మనిషిని రోటో చేయక్కర్లేదు, ప్యాచ్‌ను దాటే ఆ కొద్ది భాగం చాలు. పెళ్లికూతురి జడలో మల్లెపూల అంచు దగ్గర రోటో బ్రష్ తడబడుతుంది. అక్కడ చేత్తో మాస్క్ గీసుకోవడమే నయం.

మీరు ఇంకా పాత పద్ధతిలోనే, అంటే కదిలే క్లిప్ మీదే క్లోన్ చేయాలనుకుంటే ఒక హెచ్చరిక. నేను పెళ్లి వీడియోలు చేసే రోజుల్లో, కదలని కెమెరాతో తీసిన ఒక క్లిప్‌లో గోడ మీది స్విచ్ బోర్డును కాన్‌స్టంట్‌లో క్లోన్ చేసి పంపాను. సోర్సు తీసుకున్న చోటు బోర్డుకు పక్కనే, ఖాళీ గోడ. నాలుగు సెకన్ల తర్వాత పంతులుగారు అక్షింతలు వేయడానికి చెయ్యి ఎత్తారు, ఆ చెయ్యి సోర్సు మీదుగా వెళ్లింది. క్లోన్ బ్రష్ ఆ క్షణంలో సోర్సులో ఏముంటే అదే తెచ్చి వేస్తుంది కాబట్టి, పెళ్లికూతురి తల వెనక గోడలోంచి రెండు వేళ్లు బయటికి వచ్చి మాయమయ్యాయి. ఆ ఇంటి బామ్మగారు అది చూసి భయపడ్డారు. పెళ్లి అన్నది ఆ ఇంట్లో మళ్లీ మళ్లీ చూసుకునే వీడియో, అందులో అలాంటిది ఉండకూడదు. ఆ రోజు చాలా బాధపడ్డాను, వెంటనే సరిచేసి మళ్లీ ఇచ్చాను. అప్పటి నుంచి సోర్సు ఉన్నచోటును కూడా మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా చూడకుండా ఏ క్లోన్ గీతా వేయలేదు.

మళ్లీ మీ ప్యాచ్ దగ్గరికి. కదలిక కుదిరాక మిగిలేవి వెలుతురు, గ్రెయిన్ (బొమ్మ మీద సన్నగా కదిలే చుక్కలు).

ముహూర్తం సమయంలో నలుగురైదుగురు ఫోటోగ్రాఫర్లు ఫ్లాష్‌లు కొడుతూనే ఉంటారు. మీ స్టిల్ ఫ్లాష్ లేని ఫ్రేములోంచి వచ్చింది కాబట్టి ఫ్లాష్ పడిన ఫ్రేములో గుడ్డంతా వెలిగిపోతుంది, ప్యాచ్ ఒక్కటే మసకగా మిగులుతుంది. ఆ ఒకటి రెండు ఫ్రేములకు ప్యాచ్ మీద వెలుతురు సర్దే కర్వ్స్ ఎఫెక్ట్ వేసి, హోల్డ్ కీఫ్రేములతో (మెల్లగా కాకుండా ఒక్కసారిగా మారేవి) పైకి లేపండి. ఒక్కోసారి ఫ్లాష్ ఫ్రేములో సగమే పడుతుంది, పై సగం తెల్లగా, కింది సగం మామూలుగా. సెన్సర్ బొమ్మను వరసలవారీగా చదవడం వల్ల అలా జరుగుతుంది. ఆ గీత మీ ప్యాచ్ మధ్యలోంచి పోతే ఆ ఒక్క ఫ్రేముకు చేత్తో క్లోన్ చేసుకోవాల్సిందే. సీరియల్ బల్బులు మిణుకుమిణుకుమనే చోట కూడా ఇదే బాధ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ 50లో ఒక వంతో, 100లో ఒక వంతో పెట్టి తీస్తే లైట్ల వల్ల వచ్చే అలలు చాలావరకు రావు. ఇది తీసేటప్పుడే చూసుకోవాలి, ఎడిటింగ్‌లో చేతికి రాదు.

గ్రెయిన్ విషయం: రాత్రి ముహూర్తం, ఐఎస్ఓ (చీకట్లో బొమ్మ వెలుతురుగా రావడానికి పెంచే కెమెరా సెట్టింగ్) పెంచి తీసి ఉంటారు. బొమ్మంతా సన్నగా కదులుతుంటే స్టిల్ ప్యాచ్ మీది గ్రెయిన్ గడ్డకట్టినట్టు నిలబడిపోతుంది. ఫోన్‌లో తెలియదు, హాల్లో పెద్ద టీవీ మీద వేస్తే తెలుస్తుంది. ప్యాచ్ మీద ముందు రిమూవ్ గ్రెయిన్ కొద్దిగా వేసి పాత గ్రెయిన్ తీసేయండి. తర్వాత మ్యాచ్ గ్రెయిన్ వేసి, నాయిస్ సోర్స్ లేయర్‌గా అసలు క్లిప్‌ను ఇవ్వండి. మ్యాచ్ గ్రెయిన్ మొదట ప్రివ్యూ మోడ్‌లో ఉంటుంది, ఒక చిన్న చతురస్రంలో మాత్రమే చూపిస్తుంది. దాన్ని ఫైనల్ అవుట్‌పుట్‌కు మార్చకుండా రెండర్ కొట్టినవాళ్లను చాలామందిని చూశాను.

సరిచూసుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఒకటే. కాంపోజిషన్ ప్యానెల్ కింద ఎక్స్‌పోజర్ అంకె ఉంటుంది, అది మనం చూడ్డానికే, రెండర్‌లోకి రాదు. దాన్ని ప్లస్ 2కి లాగి ఒకసారి, మైనస్ 2కి లాగి ఒకసారి క్లిప్ నడపండి. మామూలుగా దాక్కున్న ప్యాచ్ అంచు అప్పుడు బయటపడుతుంది. రిజల్యూషన్ ఫుల్‌లో, సైజు 100 శాతంలో పెట్టి చూడాలి. సగం రిజల్యూషన్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఇంత చెప్పాక కూడా ఫ్రేము ఫ్రేముకూ చేత్తో క్లోన్ చేయాల్సిన సందర్భాలు ఉంటాయి. కెమెరా ఒక్కసారిగా జర్కు తిని నాలుగైదు ఫ్రేములు చెదిరిపోతే ట్రాక్ వాటిని పట్టుకోలేదు. అప్పుడు డ్యూరేషన్‌ను సింగిల్ ఫ్రేమ్‌కు మార్చండి, అలైన్డ్ ఉంచండి, ఒకసారి పెట్టిన సోర్సు దూరాన్ని అన్ని ఫ్రేములకూ మార్చకండి. పెయింట్ ప్యానెల్‌లో క్లోన్ సోర్సులను దాచుకోవడానికి అయిదు ప్రీసెట్లు ఉంటాయి, కీబోర్డు మీద 3 నుంచి 7 వరకు అంకెలు నొక్కి వాటి మధ్య మారొచ్చు. పేజ్ డౌన్‌తో తర్వాతి ఫ్రేముకు వెళ్లండి. నాలుగైదు ఫ్రేములైతే ఉడుకు కనిపించేలోపే అయిపోతుంది.

కంటెంట్ అవేర్ ఫిల్ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 2019 ఏప్రిల్ నుంచి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఉంది. వస్తువు చుట్టూ మాస్క్ గీసి దాన్ని సబ్‌ట్రాక్ట్ చేసి బటన్ నొక్కితే తనంతట తనే నింపుతుంది. వెనకాల చెట్లు, గడ్డి, రోడ్డు ఉండి, వస్తువు కదులుతుంటే అద్భుతంగా చేస్తుంది. ఎందుకంటే వేరే ఫ్రేముల్లోంచి అసలు బ్యాక్‌గ్రౌండ్ తెచ్చుకోగలదు. మీ బాక్సు గుడ్డకు అంటుకుని ఉంది, దాని వెనక ఏముందో ఏ ఫ్రేములోనూ లేదు. ఇక్కడ అది ఊహించాలి, అప్పుడు నీళ్లలో చూసినట్టు మసకబారుతుంది. మీరు శుభ్రం చేసిన స్టిల్‌ను రిఫరెన్స్ ఫ్రేముగా ఇస్తే మెరుగ్గా వస్తుంది. అయినా మీ షాట్‌కు మోకానే నా ఓటు.

డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఫ్యూజన్ పేజీలో పెయింట్ నోడ్ ఉంది. అందులో మొదట వచ్చే మల్టీస్ట్రోక్ మామూలుగా ఒక్క ఫ్రేముకే ఉంటుంది. గీసినది తర్వాతి ఫ్రేములో మాయమైందని అందరూ కంగారుపడేది దీనివల్లే. స్ట్రోక్ ఎంచుకుని, అప్లై మోడ్‌ను క్లోన్‌కు మార్చి, ఆల్ట్ క్లిక్‌తో సోర్సు పెట్టుకోండి. ట్రాకింగ్‌కు ప్లానర్ ట్రాకర్ ఉంది. ఆబ్జెక్ట్ రిమూవల్ మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే వస్తుంది. ప్రీమియర్‌లో క్లోన్ బ్రష్ లేనే లేదు, అక్కడి నుంచి క్లిప్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు పంపుకోవాలి.

చివరగా మొటిమ. దానికి ఈ పద్ధతి వద్దు. చెంప సాగుతుంది, ముడుచుకుంటుంది, మనిషి నవ్వితే నీడలు మారిపోతాయి. స్టిల్ ప్యాచ్ అక్కడ పిండికట్టులా అతికించినట్టు కనిపిస్తుంది. క్లిప్‌ను డూప్లికేట్ చేసి, పై కాపీలో మొటిమ చుట్టూ చిన్న మాస్క్ గీసి, మాస్క్ మీద రైట్ క్లిక్ చేసి ట్రాక్ మాస్క్‌తో నడపండి. ఆ చిన్న గుండ్రం మీద ఎరుపు తగ్గించి, కర్వ్స్‌తో కొద్దిగా వెలుతురు పెంచి, కొంచెం బ్లర్ ఇస్తే చాలు. మొటిమ పూర్తిగా పోకపోయినా ఎవరి కన్నూ అక్కడికి పోదు.

ముఖాల మీద పనిచేసేటప్పుడు ఒక విషయం ఆ ఇంటివాళ్లను అడక్కుండా ముట్టుకోకండి. మా దగ్గరికి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి, చాలా ఓపికగా, నిమిషమున్నర క్లిప్‌లో పెళ్లికూతురి చెంప మీది నల్లటి మచ్చను ఫ్రేము ఫ్రేమునా తీసేశాడు. అది మచ్చ కాదు, బుగ్గచుక్క. దిష్టి తగలకూడదని వాళ్ల అమ్మ స్వయంగా పెట్టింది. పుట్టుమచ్చలు, పసుపు మరకలు, పాపిట్లో చెదిరిన కుంకుమ కూడా అంతే. మనకు మరకలా కనిపించేది వాళ్లకు జ్ఞాపకం అయి ఉండొచ్చు. బాక్సులు, వైర్లు, సీసాలు మన ఇష్టానికి తీసేయొచ్చు. మనిషి మీద ఉన్నవాటికి ముందు ఒక ఫోన్ చేయండి.

మీ షాట్‌లో మొదటి మూడు సెకన్లలోనే మంచి ఫ్రేము దొరుకుతుందని నా అంచనా, భుజం ఇంకా బాక్సు దగ్గరికి రాలేదు కాబట్టి. స్టిల్ శుభ్రం చేయడానికి ఒక గంట, ట్రాక్, రోటోలకు ఇంకో రెండు గంటలు పెట్టుకోండి. అలైన్ సర్ఫేస్ నొక్కాక ప్యాచ్ పక్కకు జరిగితే, మీరు రాసుకున్న ఫ్రేము నంబరు, మోకా తెర బొమ్మ రెండూ ఇక్కడ పెట్టండి. రాత్రి పని అయ్యాక చూసి చెబుతాను.